ఇరవై అంగల వాకిలి

గంటసేపు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, దాని పక్కన గెంతకూడదు, దాని నెత్తిమీద నీడ పడనివ్వకూడదు అని వెంకటాచలం సార్ వెళ్తూ వెళ్తూ మూడోసారి చెప్పి మరీ వెళ్లారు, భరణి ఏదో దాన్ని చంకన పెట్టుకుని పారిపోయే మనిషైనట్టు. మూడు కాళ్ల స్టాండు, దాని మీద తెల్లటి రిసీవర్, కింద సిమెంటు పలకలో పొద్దున కొట్టిన ఇత్తడి మేకు. ఆ మేకుకు సరిగ్గా పైన గంటసేపు కదలకుండా నిలబడితే, పైన తిరిగే ఉపగ్రహాల నుంచి కబురు అందుకుని, ఈ చోటు భూమ్మీద ఎక్కడుందో సెంటీమీటరు తేడాతో చెప్పేస్తుంది ఆ రిసీవర్. చెప్పేది అది, కాపలా కాసేది భరణి. పది నలభైకి మొదలు, పదకొండు నలభైకి ముగింపు, పావుగంటకోసారి ఉపగ్రహాలు ఎన్ని, బ్యాటరీ ఎంత అని కాగితం మీద రాయాలి. పాలిటెక్నిక్‌లో మూడేళ్లు డిజిటల్ మ్యాపింగు, సర్వే చదివి నేర్చుకున్నదాంట్లో సగం ఇదే, కదలని వస్తువు పక్కన కదలకుండా కూర్చోవడం. తలకు తువ్వాలు చుట్టుకుంది, కాళ్లకు కాలేజీ వాళ్లిచ్చిన బరువైన బూట్లు, పలక అంచున కూర్చుంటే సిమెంటు అప్పుడే కాలుతోంది. వ్యాసర్పాడి రైల్వే యార్డులో గూడ్సు వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు, ఢాం, ఢాం, ఢాం, దూరం పోతూ పోతూ చిన్నదయ్యే చప్పుడు, ఆరేళ్లు వచ్చేదాకా నిద్రలో కూడా విన్న చప్పుడు. ఇల్లు మారి మాధవరం వెళ్లిన కొత్తలో అది వినపడక నెల రోజులు నిద్ర పట్టలేదు, అందరికీ చప్పుడుంటే నిద్ర పట్టదు, నీకు చప్పుడు లేకపోతే పట్టదా అని అమ్మ తిట్టింది, తిట్టి తను కూడా లేచి కూర్చునేది.

ఇక్కడే ఎక్కడో, ఈ సీమతుమ్మ కంపల మధ్యే, వాళ్ల ఇల్లు ఉండేది. నలభై రేకుల ఇళ్లు, ఒకరి గోడకు ఇంకొకరు మేకు కొడితే అవతలి వాళ్ల క్యాలెండరు కిందపడేంత దగ్గర. పద్నాలుగేళ్ల కింద ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది, అందరికీ మాధవరం అవతల మూడంతస్తుల ఇళ్లలో తలా ఒక గది ఇచ్చారు, ఇక్కడ పెద్ద గోడౌను వస్తుందన్నారు. గోడౌను రాలేదు, కంప వచ్చింది. ఇప్పుడు నిజంగానే వస్తుందట. రేపు పొద్దున జేసీబీ దిగుతుంది, నేలంతా సాపు చేసి మెరక పోసి చుట్టూ గోడ కడతారు. ఆలోగా కొలిచి మ్యాపు ఇవ్వమని కాంట్రాక్టరు అడిగితే, సార్ దాన్ని ఆఖరి సంవత్సరం పిల్లలకు ప్రాజెక్టు చేసేశారు. బోర్డు మీద చోటు పేరు చదివిన రోజు భరణి ఇంటికెళ్లి అమ్మకు చెప్పింది. అమ్మ చెంగమ్మ టి. నగర్‌లో చీరల కొట్టులో, కొనేవాళ్లు విప్పి పారేసిన చీరలన్నీ మళ్లీ మడతలు పెట్టే పని చేస్తుంది, ఇంటికొచ్చినా చేతులు ఊరుకోవు, ఆ సాయంత్రం దుప్పటి మడతపెడుతూ మధ్యలో ఆపేసింది. "మన వాకిలి యాడ ఉండిందో కనిపెడతావా మే? ఒక్క తూరి చెప్పు, సాలు. దాని మింద లారీలు నిలబెట్టేదానికి ముందు." ఆమె జీవితంలో భరణిని ఏదైనా అడగడం అదే మొదలేమో. సరే అంది భరణి, మూడేళ్లు చదివిన చదువు ఒక వాకిలి కనిపెట్టలేకపోతే ఎందుకు అనుకుంది. మూడు వారాలైంది. దొరకలేదు. ఇవాళ ఆఖరు.

పది యాభై ఐదు. ఉపగ్రహాలు పదిహేడు, బ్యాటరీ తొంభై రెండు. రాసింది. నాయన ఉంటే ఆ పదిహేడింటినీ నమ్మేవాడు కాదు, ఏవీ చూపించు అనేవాడు. నాయన ఏకాంబరం చైన్‌మ్యాన్. అంటే సర్వే చేసేవాళ్లు ముందు వెళ్తుంటే వెనకాల ఇనప గొలుసు మోసుకుంటూ, లాగమంటే లాగి, పట్టమంటే పట్టి, గీతలూ అంకెలూ ఉన్న ఎత్తైన స్టాఫ్ కర్రను పట్టుకుని ఎండలో నిలబడే మనిషి. ముప్పై ఏళ్లు నిలబడ్డాడు. ఆ కర్ర ఇంటికి ఎప్పుడూ రాలేదు గానీ దాన్ని పట్టుకున్న పద్ధతి వచ్చింది, గోడకు ఆనుకున్నా సరే రెండు చేతులూ ముందు కలిపి, గడ్డం నిటారుగా, ఎవరో దూరం నుంచి చూస్తున్నట్టు. ఒకసారి, ఐదేళ్లప్పుడు, బడి లేదని భరణిని పనికి వెంట తీసుకెళ్లాడు, అక్కడి ఇంజనీరు జాలిపడి పాత యంత్రంలోంచి చూడమ్మా అని ఎత్తి పట్టుకున్నాడు. చూసింది. నాయన తలకిందులుగా ఉన్నాడు. కాళ్లు ఆకాశంలో, తల నేలకి వేలాడుతూ, కర్ర కూడా తలకిందులే, అంత ఎత్తున దేనికీ ఆనుకోకుండా నవ్వుతున్నాడు. నాయనా పడతావు, పడతావు అని ఆ మైదానమంతా వినపడేలా అరిచింది. ఆ పాత యంత్రాల్లో అన్నీ అలాగే కనపడతాయని, ఇంజనీర్లకు అలవాటైపోతుందని పాలిటెక్నిక్‌లో మొదటి నెలలో చెప్పారు, తరగతిలో అందరూ నవ్వారు. భరణి నవ్వలేదు. ముప్పై ఏళ్లు తనని అందరూ తలకిందులుగా చూశారని నాయనకు తెలుసా అని ఆలోచిస్తూ కూర్చుంది. తెలుసు. ఆ రోజే తెలుసు. సాయంత్రం ఇంటికొస్తూ సైకిలు మీద, "నేను పడను మే, కర్ర పట్టుకోనుండాను గదా" అన్నాడు.

గొలుసుతో పాటు ఆయనకు ఇంకొక పిచ్చి. దేన్ని ఎక్కడ పెట్టినా మూడు గుర్తుల నుంచి కొలిచి పెట్టుకోవడం. సర్వే రాళ్లు పాతిన చోట అలాగే చేస్తారు, రాయి మీద మట్టి పడినా, నీళ్లొచ్చినా, చుట్టుపక్కల కదలని మూడు వస్తువుల నుంచి దూరాలు రాసుకుని ఉంటే ఆ చోటు పోదు, మళ్లీ దొరుకుతుంది. రాళ్లకైతే సరే. నాయన సైకిలుకు కూడా చేసేవాడు. దీపావళి ముందు పాండీ బజారులో సైకిలు పెట్టి, స్తంభం నుంచి ఇన్ని అంగలు, నగల కొట్టు మెట్టు నుంచి ఇన్ని, కుళాయి నుంచి ఇన్ని అని అంత జనంలో అటూ ఇటూ నడుస్తుంటే అమ్మ ఎవరో తెలియని మనిషిలా దూరంగా వెళ్లి నిలబడేది. ఆయన అంగ అంటే ఆయనకు అంత గర్వం. డెబ్భై ఆరు సెంటీమీటర్లు, ఎండైనా వానైనా, ఒక్క వేలు తేడా రాదు, కావాలంటే గొలుసు తెచ్చి చూసుకో అని ఎవరితోనైనా పందెం వేసేవాడు. గెలిచేవాడు కూడా. భరణి పదో క్లాసుకొచ్చేసరికి ఈ ముచ్చట్లన్నీ చెప్పుకోలేనంత సిగ్గుచేటు అయిపోయాయి. అప్పటికే నాయనా అనడం మానేసి, బడిలో అందరిలా అప్పా అంటోంది, ఆయన తెలుగులో అడిగితే అరవంలో జవాబు, పలికినంత కాలం ఏ భాషైతే ఏం అన్నట్టు ఆయన దానికీ పలికాడు. ఇంట్లో తెలుగు అంకెలు కూడా పోయాయి, లెక్కలన్నీ ఇంగ్లీషులోనే.

ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనుకుంటుంది. మొదటి సంవత్సరం, రిసీవర్‌ను మొదటిసారి ముట్టుకున్న రోజు, ఇంటికొచ్చి అన్నం తింటూ గొప్పగా చెప్పింది, అప్పా, ఇప్పుడు కర్ర పట్టుకునేదానికి మనిషి అవసరం లేదు, మూడు గుర్తులూ అవసరం లేదు, ఆకాశం నుంచి అదే చెప్పేస్తుంది, నీ ఉద్యోగం అయిపోయింది. నవ్వుతూనే అంది. ఆయనా నవ్వాడు. కంచం అంచున పప్పు తుడుచుకుంటూ, "అయితే మంచిదే. కానీ అది చెప్పే చోటు మనది అని ఎవురు చెప్పేది?" అన్నాడు. పాతకాలం మాటలు అనో ఏమో అనేసింది. ఆ తర్వాత ఏడాది తిరగలేదు, పనిలో ఉండగానే గుండె పట్టుకుని కూర్చున్నాడు, కర్ర ఇంకొకరికి ఇచ్చి కూర్చున్నాడట, పడేయలేదట. ఆయన ఇనప పెట్టెలో గళ్ల పుస్తకం దొరికింది, వెన్ను చిరిగిన సర్వే పుస్తకం, సైకిళ్ల లెక్కలు, ఇతరుల రాళ్ల లెక్కలు, మధ్యలో ఒక పేజీలో చిన్న చదరం, దాని నుంచి మూడు గీతలు. ఒక గీత చివర బ్రిడ్జి స్తంభం, ఒకదాని చివర చర్చి మెట్టు, ఇంకొకదాని చివర నీళ్ల ట్యాంకు. నూట పద్దెనిమిది, ఎనభై ఏడు, నూట నలభై మూడు. ఏ మాటా లేదు. తేదీ ఉంది, ఇల్లు ఖాళీ చేసిన రోజు.

ఆ అంకెల పక్కన ఏమీ లేదు, అదే వచ్చిన చిక్కు. మీటర్లా, ఫీట్లా, గొలుసు లింకులా? వెంకటాచలం సార్ దగ్గర కొలత పేరు రాయని అంకెకు మార్కులు సున్నా, ఎర్ర పెన్నుతో చుట్టు గీసి నూట పద్దెనిమిది ఏంటి, ఇడ్లీలా అని రాస్తారు. నాయనకు కూడా సున్నా వచ్చేదన్నమాట. స్తంభం, మెట్టు, ట్యాంకు మూడూ ఇంకా ఉన్నాయి, వాటిని ల్యాబులో మ్యాపు మీద పెట్టుకుని, ఒక్కోదాని నుంచి ఒక్కో గుండ్రం గీసింది, మూడు గుండ్రాలు ఎక్కడ కలుస్తాయో అదే వాకిలి. మీటర్లనుకుంటే గుండ్రాలు యార్డంతా కమ్మేశాయి. ఫీట్లంటే ఒకదానికొకటి అందలేదు, లింకులంటే ఇంకా దూరం. నాయన అంగలు కదా అని సంతోషపడి డెబ్భై ఆరు పెట్టింది, మధ్యలో ఐదిళ్లు పట్టే ముక్కోణం మిగిలింది, ఒక్క వేలు తేడా రాని మనిషికి. చివరికి విసుగొచ్చి, కొలత ఎంతైతే మూడూ ఒకచోట కలుస్తాయో నువ్వే చెప్పు అని కంప్యూటరుకే వదిలేసింది. రెండు జవాబులిచ్చింది. ఒకటి కాలవ అవతల, ఎవరి ఇల్లూ ఎప్పుడూ లేని చోట. రెండోది ఈ కంపల మధ్యే, గుండ్రాలు మూడూ సూది బెజ్జంలా ఒకచోట కలిశాయి, కొలత నలభై ఆరు సెంటీమీటర్లు. పక్క సీట్లోంచి జెబ తొంగి చూసి, నలభై ఆరా, అది మనిషి అంగ కాదు, కోడి అంగ అని నవ్వి, మ్యాపు మీద ఆ చుక్కకు కోడి అనే పేరు పెట్టేసింది. జెబ మంచిదే, రోజూ సగం టిఫిను భరణికే పెడుతుంది, కానీ ఆ పూట మాత్రం చెంప పగలగొట్టాలనిపించింది. సార్ దగ్గరికి వెళ్తే ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మూడు కొలతలకు ఏదో ఒక జవాబు వచ్చేస్తుందమ్మా, అది నిజం అని నమ్మేదానికి లేదు. నాలుగో కొలత ఉండాల. నాలుగోది లేందే నేను సంతకం పెట్టను" అన్నారు. నాలుగోది ఎక్కడి నుంచి తెస్తుంది, చెప్పే మనిషి లేడు, అమ్మకా ఏ గుర్తూ లేదు, ఈ వారమంతా కంపలు నరికించి ఈ నేలను ఎంత చూసినా ఒక్కటీ గుర్తు పట్టలేదు. పుట్టి ఆరేళ్లు తిరిగిన నేల, అడవిలోకొచ్చినట్టు ఉంది.

పదకొండు పది. పంతొమ్మిది, ఎనభై తొమ్మిది. ఎండ నెత్తి మీదికొచ్చింది. సీసాలో నీళ్లు వేడెక్కాయి, తాగితే ప్లాస్టిక్కు రుచి, ఈ యార్డు పక్క నీళ్లకు అప్పట్లో ఇనుము రుచి ఉండేది, చేతి పంపు నీళ్లు, గ్లాసు అడుగున ఎర్రగా తుప్పు పేరుకునేది, ఆ నీళ్లతో వండిన అన్నం కొంచెం రాగి రంగుగా ఉండేది, మాధవరంలో తెల్లటి అన్నం చూసి ఇది మన అన్నం కాదని మారాం చేసింది. వాన పడితే రేకుల మీద చప్పుడుకు మాటలు వినపడక అందరూ సైగలు చేసుకునేవాళ్లు, క్రిస్మస్‌కు చర్చి వాళ్లు హిందువా కిరస్తానీయా అని అడక్కుండా నలభై ఇళ్లకూ కేకు ముక్కలు పంచేవాళ్లు, కాగితానికి అంటుకుపోయిన కేకు, కాగితంతో సహా నమిలేది. సీసా మూత బిగించి పలక మీద పెట్టింది. పడింది. నీళ్లు ఒలికాయి. ఒలికిన నీళ్లు ఎటూ చెదరకుండా, దారి తెలిసినట్టు పలక మీద ఒక సన్నటి గాడిలోకి పోయి, అంచు దాకా వెళ్లి కింద పడ్డాయి. సిమెంటులో గాడి ఎందుకుంది? ఈ పలక గట్టిగా ఉంది, కదలదు అని సార్ పొద్దున మేకు కొట్టించారు, మట్టి తుడిచి మేకు కొట్టారంతే, పలకను ఎవరూ చూడలేదు. భరణి బూటు అంచుతో మిగతా మట్టి గీకింది. గాడి పక్కన గుండ్రటి గుంట. దాని పక్కన ఇంకొకటి. బిందెలు పెట్టిపెట్టి అరిగిన గుంటలు. మధ్యలో కోసేసిన ఇనప గొట్టం మొదలు, తుప్పు.

పంపు. పంపు గట్టు మీదే కూర్చుంది. గంట నుంచి, కాదు, ముప్పై ఐదు నిమిషాల నుంచి, పంపు గట్టు మీద కూర్చుని పంపు నీళ్ల గురించి ఆలోచిస్తోంది. లేచి నిలబడబోయి, రిసీవర్ గుర్తొచ్చి, ఊపిరి బిగబట్టి మెల్లగా లేచింది. చిన్నప్పుడు ఇక్కడి దాకా ఆమెకు హద్దు. అవతల పట్టాలు, అందుకని అమ్మ పెట్టిన హద్దు, వాకిట్లోంచి పంపు దాకా ఇరవై అంగలు, ఇరవై ఒకటో అంగ పడిందా వీపు పగులుతుంది. ఒకటో క్లాసు ఏడాదంతా రోజూ ఆ ఇరవై అంగలూ గట్టిగా లెక్కపెడుతూ నడిచింది, ఒకటీ రెండూ మూడూ, అమ్మకు లోపల పొయ్యి దగ్గరికి వినపడాలి, తెలుగులో ఆమెకు వచ్చిన అంకెలన్నీ ఆ ఇరవయ్యే. ఇరవై తర్వాత వీపు పగిలేది, అంకెలు ఉండేవి కావు. అందుకే కదా ఆ రోజు చింతగింజలు.

ఆ రోజు. ఏ రోజు? చింతగింజలు గౌను జేబులో, గలగలమని, నాయన వెనకాల. ఇళ్లన్నీ ముందు రోజే కూలిపోయాయి, రేకులు లారీ ఎక్కాయి, అడ్డుగా ఒక్క గోడ లేదు, అటు చర్చి దాకా ఇటు బ్రిడ్జి దాకా నేరుగా కనపడుతోంది, వాళ్ల గుమ్మం రాయి ఒక్కటే నేల మీద మిగిలి ఉంది. అమ్మ టెంపోలో గిన్నెలు పెడుతూ ఏడుస్తోంది, అమ్మను చూసి భరణి ఏడుస్తోంది. అప్పుడు నాయన వచ్చి చెయ్యి పట్టుకుని, దా మే, ఆట ఆడుకుందాం అన్నాడు. గుమ్మం రాయి మీద నిలబెట్టి, "ఆ స్తంభం దాకా నేరుగా నడువు, లెక్కపెట్టు" అన్నాడు. "నువ్వు నడువు నాయనా, నీ అంగలు పెద్దవి గదా." "నాకు కాళ్లు నొప్పి మే ఈ పొద్దు. నువ్వే నడవాల." కాళ్లు నొప్పి! గొలుసు భుజాన వేసుకుని పది మైళ్లు నడిచే మనిషికి. పదికి ఒక చింతగింజ గౌను జేబులో వేశాడు, పదీ కాగానే మళ్లీ ఒకటి నుంచి, గొలుసు పని చేసేటప్పుడు లెక్కకు గొలుసుకొకటి చొప్పున పుల్లలు ఏరినట్టు. స్తంభం తాకి వెనక్కి వచ్చి, చర్చి మెట్టు తాకి వెనక్కి వచ్చి, ట్యాంకు దగ్గరకు వచ్చేసరికి ఏడుపు మరిచిపోయింది, గెంతబోతే నాయన భుజం పట్టుకుని గెంతకుండా మామూలుగా, ఎప్పుడూ పంపు దాకా ఎట్టా నడుస్తావో అట్టా అన్నాడు. ప్రతిసారీ జేబులో గింజలు తీసి లెక్కపెట్టి, మిగిలిన అంగలు అడిగి, చెవి వెనక పెన్సిలు తీసి రాసుకున్నాడు. ఆట అయ్యాక గోలీ సోడా కొనిచ్చాడు. ఆట అనే గుర్తుంది ఇన్నాళ్లూ. ఆట, గోలీ సోడా, టెంపో.

కోడి అంగ కాదు. నలభై ఆరు సెంటీమీటర్లు భరణి అంగ.

పక్కన పెట్టిన కంట్రోలర్ తీసింది, రిసీవర్ లెక్కలు చూపే చేతి యంత్రం, పొద్దున హడావిడిగా తీసిన ఈ మేకు స్థానం అందులో ఉంది, కోడి అని పేరుపడ్డ చుక్క స్థానమూ ఉంది, రెండింటి మధ్య దూరమెంత అని అడిగింది. అడిగే ముందు తన చేత్తో కాగితం అంచున వేసుకుంది, ఇరవై నలభై ఆర్లు తొమ్మిది వందల ఇరవై. తొమ్మిది మీటర్ల ఇరవై. కంట్రోలర్ తొమ్మిది మీటర్ల ఇరవై ఒకటి అంది. ఒక్క సెంటీమీటరు. ఒక్క వేలు తేడా రాదు. భరణి కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, యార్డులో వ్యాగన్లు కొట్టుకుంటున్నాయి, ఎవరికీ వినపడదు. ఎందుకు నాయనా, నీ అంగలతో కొలిచి ఉంటే మొదటి రోజే దొరికేది కదా, ఎవరైనా కొలత పేరు రాయకుండా ఉంటారా? నీ అంగ నాకు తెలుసు, నీకూ తెలుసు, ఇంక రాసేదేముంది అనుకుని ఉంటాడు. తను పోయాక తన అంగ ఎవరికి దొరుకుతుంది, పిల్లది పిల్లతోనే ఉంటుంది కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడొచ్చి నడిచి చూసుకుంటుంది అనుకుని ఉంటాడు. ముప్పై ఏళ్లు ఒక్క లెక్క తప్పని మనిషి, పిల్ల పెరుగుతుందన్న ఒక్క సంగతి మరిచిపోయాడు. లేదా మరిచిపోవాలనుకున్నాడేమో, ఆ గుమ్మం మీద నిలబడి చిన్న చెయ్యి పట్టుకున్నవాడికి ఆ పూట ఇంకేం గుర్తుంటుంది.

పదకొండు ఇరవై ఎనిమిది. రాయాల్సిన సమయం మూడు నిమిషాలు దాటింది, దాటిన సంగతి కూడా దాచకుండా రాసింది, పద్దెనిమిది, ఎనభై ఆరు. ఇంకా పన్నెండు నిమిషాలు. తొమ్మిది మీటర్ల దూరంలో, నరికిన కంప మోళ్ల మధ్య, ఖాళీగా, రంగు మారిన మట్టి కూడా లేకుండా ఆ చోటు ఉంది, భరణి లేచి పోవడానికి లేదు. ఎవరో చూస్తున్నారనేం కాదు, పోయినా ఎవరికీ తెలియదు, ఒక్క పరుగు తీసి రావచ్చు. నిలబడింది. రెండు చేతులూ ముందు కలిపి, గడ్డం నిటారుగా, రిసీవర్ మీద నీడ పడకుండా రెండు అడుగులు ఎడంగా. ఇంత బరువుంటుందా నిలబడటం. ముప్పై ఏళ్లు. ఒక్క ఈగ చెవి దగ్గర తిరుగుతోంది, తోలలేదు. పైన ఆ పద్దెనిమిదీ ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో, అన్నీ ఈ పంపు గట్టు వైపే చూస్తున్నాయి కాబోలు, వాటికి మనుషులు ఎటు తిరిగి కనపడతారో.

సరిగ్గా పదకొండు నలభైకి సారూ జెబా టీ తాగి కంపల మధ్య నుంచి వచ్చారు, జెబ చేతిలో భరణి వాటా సమోసా కాగితంలో. రిసీవర్ ఎత్తు రెండోసారి కొలిచి కాగితంలో రాసి, మీట నొక్కి ఆపి, భరణి కాగితం సార్ చేతికిచ్చింది. ఆయన అలవాటు ప్రకారం ముందు తప్పులు వెతికి, ఇరవై ఐదుకు రాయాల్సింది ఇరవై ఎనిమిదికి రాశావేం అని అడగబోయి, ఆమె మొహం చూసి, కాగితం అంచున ఉన్న గుణకారం చూసి ఆగారు, ఆమె అప్పటికే గట్టు అంచుకు నడిచింది. "ఏమ్మా, యాడికి పోతాండావు?"

"నాలుగో కొలత దొరికింది సార్."

కోడి చుక్క వైపు గట్టు దిగింది. అంగలు సగానికి తగ్గించి నడవడం మాటలు కాదు, బరువు బూట్లతో, మోళ్ల మధ్య, తూలుతూ, ఒక మడమ ముందు ఇంకొక మడమ, జెబ నవ్వుతుందనుకుంది, నవ్వలేదు. ఒకటీ, రెండూ, మూడూ. పైకే అంటోంది. పదకొండు తర్వాత పన్నెండు రావడానికి కొంచెం ఆలస్యమైంది, వచ్చాక మిగతావన్నీ వాటంతటవే వచ్చాయి, పదిహేడూ, పద్దెనిమిదీ, పంతొమ్మిదీ. ఇరవై. ఇరవై దగ్గర నేల మిగతా నేలలాగే ఉంది, ఎండిన తుమ్మ కాయలు, ఒక సీసా పెంకు. ఫోను తీసి అమ్మకు చేసింది. కొట్టులో ఫోను ఎత్తనివ్వరు, ఎనిమిదోసారి మోగేదాకా ఎత్తలేదు, ఎత్తాక మెట్ల దగ్గరికి వచ్చినట్టు గాజుల చప్పుడు.

"అమ్మా, మన వాకిట్లో నిలబడి ఉండాను."

అవతల ఎవరో ఎవరికో ధర చెబుతున్నారు.

"నిజంగానా?"

"నిజంగానే. నాయన కొలిచి పెట్టుండాడు. నా అంగలతో."

ముక్కు చీదిన చప్పుడు. తర్వాత, పని చెప్పేటప్పటి గొంతుతో, "ఏ పక్కకు తిరిగి ఉండావు?" అంది చెంగమ్మ.

"బ్రిడ్జి పక్కకు."

"అయితే ఇంటికి వీపు పెట్టుండావు. తిరుగు."

భరణి తిరిగింది. ఎదురుగా కంప, కంపకు పైన చర్చి శిలువ.

"ఎడం చేతి పక్క నీళ్ల డ్రమ్ము ఉండాది, చూసుకో, మోచెయ్యి తగుల్తాది. కుడి పక్క పొయ్యి. ఆ మూలన మీ నాయన పండుకోనుంటాడు, కాళ్లు దాటబాకు, చుట్టూ పో." ఆమె చెప్పేస్తోంది, ఎక్కడా ఆగకుండా, చీరలు మడతపెట్టినంత సులువుగా, భరణి ఫోను చెవికి నొక్కుకుని ఎడమకూ కుడికీ చూస్తోంది, మోచెయ్యి దగ్గరికి లాక్కుంది. ఉన్నట్టుండి అమ్మ ఆగింది.

"చెప్పులు ఇడిసినావా మే?"

భరణి కిందికి చూసుకుంది. మట్టి పట్టిన నల్ల బూట్లు, వాకిట్లో.

"లేదుమా."

"ఇడిసి రా లోపలికి."

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, నేల మీద కూర్చుని, భరణి బూటు ముడి విప్పసాగింది.